అట్టలతో సహా

(ఒక గ్రంథపాలకుడి జ్ఞాపకార్థం ఏర్పాటైన నిధి కింద ఇచ్చిన ఉపన్యాసం)



పాత పరిశోధన పత్రికలను మళ్ళీ అచ్చు వేయాలని ఎక్కడ మాట ఎత్తినా మొట్టమొదట వినబడే ప్రశ్న ఒకటే. అవన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టారు కదా, మళ్ళీ కాగితం ఖర్చు ఎందుకు? అడిగేవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. 1924 జనవరిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మొదలుపెట్టిన ‘భారతి’ 1991 దాకా నడిచింది. ఆ సంచికల్లో చాలా భాగాన్ని ప్రెస్ అకాడమీ వారు స్కాన్ చేయించారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుణ్యమా అని ఎన్నో పాత తెలుగు పుస్తకాలు ఇంట్లో కూర్చున్నవాడికి అందుబాటులోకి వచ్చాయి. ఆ పని చేసినవాళ్ళకు మనం రుణపడి ఉన్నాం. 2000 ఆగస్టులో హైదరాబాదు వరదకి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్ళు చొరబడి ఎన్నో అపురూపమైన పుస్తకాలు తడిసినప్పుడు, నకలు లేని కాగితం ఎంత బలహీనమైనదో అందరికీ తెలిసివచ్చింది. స్కానింగ్ వద్దనేవాడు ఈ సభలో ఎవరూ ఉండరు.

అయితే స్కాన్ ఎవరికి ఉపయోగం? తనకేం కావాలో ముందే తెలిసినవాడికి. ఫలానా సంవత్సరం ఫలానా సంచికలో చరిత్రకారుడు మల్లంపల్లి సోమశేఖరశర్మగారి వ్యాసం ఉందని తెలిస్తే పది నిమిషాల్లో తెరమీదికి తెచ్చుకోవచ్చు. అలాంటి వ్యాసం ఒకటుందనే తెలియని కుర్రవాడికి, కుర్రదానికి ఆ వేల ఫైళ్ళ వరుస తాళం వేసిన బీరువాయే. పునర్ముద్రణ చేయాల్సింది వాళ్ళ కోసం. అందుకే దాన్ని పాత పేజీలను కొత్త కాగితం మీదికి ఎక్కించడంగా చూడలేను. చదవడానికి వీలుగా అమర్చి ఇవ్వడం అసలు పని. అచ్చు దాని చివరి మెట్టు.

అమర్చడం అంటే ఎంత పనో చెప్పడానికి తేదీ దగ్గర మొదలుపెడతాను. మన పాత పత్రికలు చాలావరకు తెలుగు సంవత్సరాలనే వాడాయి. భారతి తొలి సంచిక నాటికి నడుస్తున్నది రుధిరోద్గారి సంవత్సరం, పుష్యమాసం. మరుసటి ఉగాదికి, అంటే 1924 ఏప్రిల్లో, రక్తాక్షి వచ్చింది. రక్తాక్షి చైత్రం 1924లో పడితే రక్తాక్షి పుష్యం 1925 జనవరి దగ్గరికి వెళ్ళిపోతుంది. ‘రక్తాక్షి అంటే 1924’ అని ఒక్క వరస రాసుకుని కూర్చున్న కేటలాగు గుమాస్తా పుష్య, మాఘ, ఫాల్గుణ సంచికలన్నింటినీ ఏడాది వెనక్కి నెట్టేస్తాడు. పైగా రక్తాక్షి ప్రతి అరవై ఏళ్ళకీ వస్తుంది. 1864లో వచ్చింది, 1984లోనూ వచ్చింది. అట్ట ఊడిపోయి లోపలి ఆకులే మిగిలిన సంచిక చేతికొస్తే అది ఏ చుట్టులోదో అక్షరాల పోత చూసి, కాగితం చూసి, రాసినవారి పేర్లు చూసి తేల్చాలి. ఒక సంవత్సరం తేడాకి ఇంత గొడవా అనిపించవచ్చు. పరిశోధనలో ఎవరు ముందు చెప్పారు, ఎవరు తర్వాత చెప్పారు అన్నది చాలాసార్లు ఆ ఒక్క సంవత్సరం మీదే ఆధారపడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పుస్తకం వేరు, పత్రిక వేరు. పుస్తకం రాసినవాడు తన మాట పూర్తిచేసి అట్ట వేసి ఇస్తాడు. పరిశోధన పత్రికలో ఎవరి మాటా పూర్తికాదు. ఈ నెల ఒకరు అంటారు, వచ్చే నెల ఇంకొకరు కాదంటారు, మూడో నెల మొదటివారు కొంత ఒప్పుకుని కొంత మొండికేస్తారు. అందులోంచి ఒక్క వ్యాసాన్ని పెకలించి సంకలనంలో పెడితే నడుస్తున్న వాదం ఖరారైన తీర్పులా కనబడుతుంది.

దీనికి మన చరిత్రలోదే ఒక ఉదాహరణ. బొంబాయిలో జేమ్స్ బర్జెస్ 1872లో ‘ఇండియన్ ఆంటిక్వరీ’ అనే పత్రిక పెట్టాడు. దేశం మొత్తం మీద శాసనాల పరిశోధనకి అది చాలాకాలం పెద్ద వేదిక. జె.ఎఫ్. ఫ్లీట్ అనే సివిల్ సర్వీసు ఉద్యోగి అందులో తూర్పు చాళుక్య రాజుల కాలనిర్ణయం గురించి వరుసగా రాశాడు. 1891 నాటి మాట. ఆ వంశం వేయించిన తామ్రశాసనాల్లో ఒక మంచి అలవాటుంది. దానం చేసే రాజు తన ముందువాళ్ళు ఒక్కొక్కరు ఎన్నేళ్ళు పాలించారో వరుసగా చెప్పుకొస్తాడు. రెండో అమ్మరాజు పట్టాభిషేకం 945 డిసెంబరులో జరిగినట్టు తేదీతో సహా దొరుకుతోంది. ఇలాంటి తేదీలు, గ్రహణాలు, పాలనా కాలాలు అన్నీ కలిపి ఫ్లీట్ వెనక్కి లెక్కకట్టాడు. ఆ వంశానికి మూలపురుషుడైన కుబ్జ విష్ణువర్ధనుడు వేంగిలో పాలన మొదలుపెట్టింది 615లో అని తేల్చాడు. ఆ రోజుల్లో అంత సామగ్రి ఒక్కచోటికి చేర్చి అంత ఓపికగా లెక్క వేయడం మామూలు సంగతి కాదు.

చిక్కు ఎక్కడుందంటే, శాసనాలు అన్నీ ఒకే మాట చెప్పవు. నూట ఎనిమిది యుద్ధాలు చేసి నూట ఎనిమిది శివాలయాలు కట్టించాడని చెప్పే నరేంద్ర మృగరాజు, అదే రెండో విజయాదిత్యుడు, కొన్ని శాసనాల ప్రకారం 40 ఏళ్ళు, కొన్నింటి ప్రకారం 44, మరికొన్నింటి ప్రకారం 48 ఏళ్ళు పాలించాడు. ఒక్క రాజు దగ్గరే ఎనిమిదేళ్ళ తేడా! రాజమండ్రిలో 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. 1926 నుంచి సొంత పత్రిక తెచ్చింది. ఆ పత్రికలో భావరాజు వేంకట కృష్ణారావుగారు ఈ లెక్కలన్నీ మళ్ళీ విప్పారు. కుబ్జ విష్ణువర్ధనుడి తొలి ఏడు 624 అని చూపారు. వృత్తికి న్యాయవాది కాబట్టి సాక్ష్యాన్ని ఎలా నిలదీయాలో ఆయనకి తెలుసు. తర్వాతివారూ దాదాపు ఆ 624నే పట్టుకున్నారు.

ఇండియన్ ఆంటిక్వరీని 1980లలో ఢిల్లీలో మళ్ళీ అచ్చు వేశారు. గట్టి బైండింగుతో వచ్చిన ఆ సంపుటాలు పెద్ద లైబ్రరీల్లో చాలావాటికి చేరాయి. రాజమండ్రి పత్రిక తొలి సంపుటాలు వరుస తప్పకుండా ఉన్నచోటు నా తిరుగుళ్ళలో అరుదుగానే కనబడింది. ఫలితం ఊహించండి. ఈనాటి విద్యార్థికి బీరువాలో ఫ్లీట్ చేతికందుతాడు, కృష్ణారావుగారు అందరు. అతను శ్రద్ధగా చదివి, శ్రద్ధగా 615 అని రాసుకుంటాడు. తప్పు అతనిది కాదు. వాదంలో ఒక పక్షాన్నే మళ్ళీ అచ్చు వేసి పెట్టాం. రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లని మనవాళ్ళు ఊరికే అనలేదు. పాత పత్రికను మళ్ళీ తెచ్చేవారు ఫ్లీట్ వ్యాసం మొదటి పేజీ అంచున ‘దీనికి జవాబు ఫలానా చోట’ అని ఒక్క వాక్యం వేసి ఉంటే సరిపోయేది. ఆ వాక్యం రాయడానికి పునర్ముద్రణ సంస్థలో చదివిన మనిషి ఒకరు ఉండాలి. ఫొటోలు తీసేవాడు, బైండు చేసేవాడు ఉంటే చాలదు.

నన్ను కొందరు వ్యాస సంకలనాలకు శత్రువు అనుకుంటున్నారు. కాదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వ్యాసాలు ఒక్కచోట చదువుకోవడం సుఖమే. కాకపోతే ఆ సుఖం ఆయన్ని అభిమానించేవాడిది. ఆయన ఎవరితో తలపడుతున్నారో, ఎవరు ఆయన్ని రెచ్చగొట్టారో, ఆ పేరాలో హఠాత్తుగా స్వరం ఎందుకు పెరిగిందో తెలియాలంటే పక్క పేజీ కావాలి. ‘రాజశేఖర చరిత్రము’ 1880లో పుస్తకంగా రాకముందు 1878 నుంచి వీరేశలింగంగారి ‘వివేకవర్ధని’లో విడతలుగా వచ్చింది. నవలగా చదివేవాళ్ళకి అది కథ. వివేకవర్ధని పాఠకుడికి అది సంఘ సంస్కరణ వ్యాసాల పక్కనే విడతవిడతగా పడే మరో దెబ్బ. ఆ రెండో అనుభవం ఇప్పటి పాఠకుడికి ఇవ్వగలిగేది సంచికే.

సంచిక అంటే అట్టతో సహా. ఈ మాట నాది కాదు, మనం ఈరోజు తలచుకుంటున్న మాస్టారిది. ఆయన తన పేరు ఏ బోర్డు మీదా వద్దన్నారు. ఈ నిధి పత్రంలో కూడా ‘ఒక గ్రంథపాలకుడు’ అనే రాయించారు. కనుక నేనూ పేరు చెప్పను. చందా పత్రికలు ఏడాది నిండగానే బైండింగుకి పంపడం అన్ని లైబ్రరీల్లో ఉన్న అలవాటే. బైండరుకి అట్టలు అడ్డం. ముందు వాటిని చింపుతాడు, తర్వాత వెనకా ముందూ ఉన్న ప్రకటనల ఆకులు తీస్తాడు, ఆపైన మూడు వైపులా కత్తి పెడతాడు. అంచున పెన్సిలుతో రాసినవి ఏవైనా ఉంటే అవీ ఆ కత్తికి పోతాయి. మాస్టారు బైండరు పక్కనే స్టూలు వేసుకు కూర్చునేవారు. అట్ట చింపనిచ్చేవారు కాదు, కత్తి పెట్టనిచ్చేవారు కాదు. ఆ సంపుటాలు అంచులు ఎగుడుదిగుడుగా, చూడ్డానికి వికారంగా ఉంటాయి. పరిశోధకుడికి ముందుగా కావలసినవి అవే.

అట్టలో ఏముంటుంది? సంచిక తేదీ, చందా వెల, అచ్చయిన ముద్రాక్షరశాల పేరు, చాలాసార్లు విషయసూచిక కూడా అక్కడే ఉంటుంది. అట్ట పోతే సంచికకి ఊరూ పేరూ పోయినట్టే. ఇక ప్రకటనల సంగతి. అమృతాంజనం ప్రకటన చూసి నవ్వుకుంటాం కానీ, నాగేశ్వరరావు పంతులుగారు 1893లో మొదలుపెట్టిన ఆ తలనొప్పి మందు డబ్బే ఆయన ఆంధ్రపత్రికనీ భారతినీ నిలబెట్టింది. వావిళ్ళవారి పుస్తకాల ప్రకటనలు వరుసగా పెట్టుకుంటే ఏ కావ్యం ఏ ఏడాది అమ్మకానికి వచ్చిందో, వెల ఎంతో, టీకాతోనా తాత్పర్యంతోనా అన్నది తెలుస్తుంది. ఒక పుస్తకం మొదటి ముద్రణ ఒక్క ప్రతి కూడా దొరకనప్పుడు అది వచ్చిందనడానికి అలాంటి ప్రకటనే ఆధారమవుతుంది. ‘పరిశోధన భాగం మాత్రమే పునర్ముద్రిస్తాం, వ్యాపార ప్రకటనలు అక్కర్లేదు’ అనే సంపాదకులకు నా మనవి ఒక్కటే. ఏది అక్కర్లేదో మీరు తేల్చకండి. యాభై ఏళ్ళ తర్వాత వచ్చే వాడికి ఏం కావాలో మనకెవరికీ తెలియదు.

యథాతథంగా పాత పేజీనే ఫొటోలా వేయాలా, కొత్తగా డీటీపీ చేయించాలా అన్నది తర్వాతి తగవు. పాత పేజీ ఇప్పటి పిల్లలకి కష్టమే. అరసున్నలు, బండి ఱలు, తెలుగు అంకెలు, ‘సర్వ’ అనే మాటలో రేఫ వకారం తర్వాత తొమ్మిదంకెలా నిలబడే వలపలగిలక, ఇవన్నీ వాళ్ళు బళ్ళో చూడలేదు. ఇంకా విచిత్రం, యంత్రానికీ కష్టమే. ‘న్’కి వాడిన పాత గుర్తు నకారపొల్లుకి యూనికోడ్‌లో చోటు దొరికింది 2021లో వచ్చిన 14వ కూర్పుతో. అంతకుముందు దాన్ని ఉన్నదున్నట్టు టైపు చేసే దారే లేదు. పేజీ బొమ్మని చదివి టైపు అక్షరాలుగా మార్చే ఓసీఆర్ అనే సాధనం ఇలాంటి అక్షరం కనబడగానే తోచిన మరో అక్షరం వేసి ముందుకు సాగిపోతుంది. చెప్పి తప్పు చేస్తే దిద్దుకోవచ్చు, చెప్పకుండా చేస్తుంది.

అలాగని కొత్తగా కంపోజు చేయించి, వర్ణక్రమం కూడా ఇప్పటి తీరుకి మార్చేస్తే? కొన్ని పత్రికల విషయంలో అది నష్టంతో పోదు, అన్యాయమవుతుంది. జయంతి రామయ్యపంతులుగారు మద్రాసులో 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపించారు. పరిషత్ పత్రిక గ్రాంథిక పక్షానికి కోట. 1919లో వ్యావహారిక భాష పక్షాన గిడుగు రామమూర్తిగారు ‘తెలుగు’ అనే మాసపత్రికతో ఎదురు నిలిచారు. ఆ రెండు పత్రికల మధ్య వాదం విషయంలో ఎంత ఉందో వర్ణక్రమంలో కూడా అంత ఉంది. ఒక సున్న పెట్టడం, ఒక సంధి విడదీయడం అక్కడ ఒక పక్షాన నిలబడడం. ఇద్దరి రాతనీ మనం చక్కగా ‘సరిదిద్ది’ ఒకే తీరులో పెడితే, తగాదా పడుతున్న ఇద్దరికీ ఒకే యూనిఫాం తొడిగినట్టు. ఇక వాళ్ళు దేనికి కొట్టుకున్నారో పాఠకుడికి ఎలా తెలుస్తుంది? పోతే, ఒక పక్షాన్నే అచ్చు వేయడం ఇక్కడా కూడదు. పరిషత్ పత్రిక వేస్తే గిడుగువారి ‘తెలుగు’ కూడా వేయాలి. గిడుగువారి అభిమానులకు నేను చెప్పేదీ ఇదే, తిరగేసి.

కనుక పేజీ పాతదే ఉండాలి. పాఠకుడికి సాయం పేజీ బయట ఉండాలి. మొదట నాలుగు పుటల్లో పాత లిపి సంకేతాలు బొమ్మలతో చూపిస్తే బుద్ధిమంతుడైన ఇంటర్ కుర్రాడు గంటలో నేర్చుకుంటాడు. పిల్లల మీద మనకి ఉన్న అపనమ్మకమే ఎక్కువ, వాళ్ళ అశక్తత తక్కువ.

ఆ సాయంలో మొదటిది సూచిక. రచయితల పేర్ల సూచిక ఒకటి సరిపోదు. ఊళ్ళు, రాజులు, కావ్యాలు, శాసనాలు, సంకేత నామాలు అన్నీ అందులో రావాలి. కేవలం పొడి అక్షరాలతో సంతకం చేసినవాళ్ళని తేల్చగలిగినంత తేల్చాలి, తేలనివారిని తేలనట్టే వదలాలి. ఊహించి పేరు పెట్టడం నేను చాలా సూచికల్లో చూశాను, అంతకన్నా ఖాళీ గౌరవం.

రెండోది శాసనాల సమన్వయ పట్టిక. ఇది విన్నవెంటనే ఆవలింత వచ్చే మాట, అయినా చెప్పక తప్పదు. 1930లలో వ్యాసం రాసినవారు శాసనాన్ని ‘1909 నివేదికలో ఫలానా సంఖ్య’ అని ఉదహరించారు. ఎందుకంటే అప్పటికి పాఠం అచ్చు కాలేదు, శాసన శాఖ వార్షిక నివేదికలో రెండు వాక్యాల సారాంశం మాత్రమే ఉంది. ఆ శాసనాల్లో ఎన్నో తర్వాత దక్షిణ భారత శాసన సంపుటాల్లో పూర్తి పాఠంతో వచ్చాయి. ఆ వరుసలో తెలుగు శాసనాలున్న పదో సంపుటం 1948లో వెలువడింది. పాత సంఖ్యకి ఎదురుగా కొత్త సంపుటం, కొత్త సంఖ్య చూపే పట్టిక లేకపోతే పాఠకుడు ఆ పాత వ్యాసాన్ని నమ్మడమో మానడమో తప్ప పరీక్షించలేడు. తెలంగాణ వైపు లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ తెచ్చింది. దానికీ తర్వాతి ప్రచురణలకీ ఇదే లంకె వేయాలి. ఇది తెలివి కన్నా వెన్ను ఎక్కువ అడిగే పని. విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి పనికి డిగ్రీ ఇవ్వరు, అది వేరే ఉపన్యాసం.

చట్టం మాట కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది సంపాదకులు అక్కడే ఆగిపోతున్నారు. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు అరవై ఏళ్ళు హక్కు వారసులది. అనామకంగానో మారుపేరుతోనో వచ్చినవాటికి ప్రచురణ నుంచి అరవై ఏళ్ళు. ఇప్పుడు భారతి పాత సంచిక ఒకటి తీసుకోండి. ప్రభాకరశాస్త్రిగారు 1950లో పోయారు, ఆయన రచన ఎప్పుడో అందరిదీ అయింది. సోమశేఖరశర్మగారు 1963లో పోయారు, ఆయన రచన 2024 జనవరి 1 నుంచి అందరిదీ. విశ్వనాథ సత్యనారాయణగారు 1976లో పోయారు, 2036 చివరిదాకా అనుమతి కావాలి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1979, కనుక 2039 చివరిదాకా. నలుగురూ పక్కపక్కనే ఉండే సంచిక వేయాలంటే ఏం చేస్తాం? అనుమతి రాని ఆకులు చింపేస్తామా? బైండరు పనే మళ్ళీ మనం చేసినట్టవుతుంది. వారసుల దగ్గరికి వెళ్ళాలి, అడగాలి. నా అనుభవంలో చాలామంది సంతోషంగానే ఒప్పుకుంటారు, కొందరైతే ‘మా తాతగారు ఇందులో రాశారా?’ అని ఆశ్చర్యపోతారు. ఒప్పుకోనివారి వ్యాసం ఉన్నచోట పేరు, శీర్షిక, పుట సంఖ్య వేసి ఆ పుటలు ఖాళీగా వదలాలి. సర్ది మూసేయకూడదు.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. పరిషత్తు నిఘంటువుకి పిఠాపురం మహారాజావారు ఉన్నారు, నాగేశ్వరరావు పంతులుగారికి అమృతాంజనం ఉంది. మనకి ఆ ఇద్దరూ లేరు. కానీ వెయ్యి కాపీలు వేసి గోదాములో చెదలకి వడ్డించే రోజులూ పోయాయి. వంద కాపీలు డిజిటల్ ముద్రణలో వేయించి, అయిపోతే మరో వంద వేయించుకోవచ్చు. ఖర్చంతా సూచికకీ పట్టికలకీ అవుతుంది. దాతలు అట్ట మీద బొమ్మకి ఇచ్చినంత ఉత్సాహంగా సూచికకి ఇవ్వరు. ఈ నిధి ఇస్తుందని ఆశ.

మొదట ఏ పత్రిక అని నిధి సభ్యులు నన్ను అడిగారు. నా ఓటు ‘అముద్రిత గ్రంథచింతామణి’కి. నెల్లూరులో 1885 నుంచి పూండ్ల రామకృష్ణయ్యగారు నడిపిన మాసపత్రిక అది. తాటాకుల్లో ఉండిపోయిన కావ్యాలను అచ్చులోకి తేవాలని పుట్టింది, విమర్శకీ తావిచ్చింది. అచ్చుకాని పుస్తకాల కోసం పెట్టిన పత్రిక ఇప్పుడు తానే దొరకని పుస్తకమైంది. భారతికి ఆదరించేవాళ్ళు ఉన్నారు, ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు తెస్తారు. దీనికి అలాంటి వాళ్ళు లేరు. పైగా రచయితలంతా ఎప్పుడో గతించినవారు కాబట్టి చట్టం చిక్కు దాదాపు లేదు.

పని ఇలా మొదలుపెట్టవచ్చు. వచ్చే ఉగాది లోపల వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, తర్వాత కాకినాడకి చేరిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, ఇంకా ఇళ్ళలో ఉన్న సేకరణలు తిరిగి, ఎక్కడ ఏ సంచిక ఉందో, దానికి అట్ట ఉందో లేదో ఒక జాబితా రాయాలి. స్కానరు ఆ జాబితా తర్వాతే కొనాలి. ఈ సభలో ఎవరి అటకమీదైనా పాత సంచికలు ఉంటే, దుమ్ము దులిపి మాకు కబురు పెట్టండి. దయచేసి ముందుగా బైండింగుకి మాత్రం ఇవ్వకండి.